దూరదేశపు డిజైను

"నా పెట్టె తాళం ఎవరు తీశారు?"

స్నానాలగది గుమ్మంలో నిలబడి చిట్టి అడిగింది. తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని ఉంది. యాభై రెండేళ్ళు నిండినా ఇంటికీ ఫ్యాక్టరీకీ ఆమె ఇంకా చిట్టే. పొద్దున్నే ప్రయాణం నుంచి తెచ్చిన పెట్టె హాలు మధ్యలో నోరు తెరుచుకుని పడుంది. బట్టలు సోఫా మీద, మందుల సంచీ కుర్చీలో, చెప్పులు పేపరు మీద. పక్కనే ఆమె అన్నయ్య, చేతిలో అరచెయ్యంత టైలు పట్టుకుని నిలబడ్డాడు.

"నేనే తీశాను," అన్నాడాయన.

"నన్నడిగితే నేనే తీసిచ్చేదాన్నిగా అన్నయ్యా."

"అడిగే రోజులు పోయాయి."

వంటగది గుమ్మానికి ఆనుకుని వదినమ్మ ఇదంతా చూస్తోంది. మొదట్లో ఆమెని చిట్టి ఒక్కతే వదినా అనేది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ పిలుపు పెరడు దాటి, వెనకున్న టైల్స్ ఫ్యాక్టరీలోకి పాకి, బట్టీ మేస్త్రి దగ్గర్నుంచి లారీ డ్రైవరు దాకా అందరికీ ఆవిడ వదినమ్మే అయిపోయింది. సొంత పేరు కాగితాల మీద మిగిలింది.

ఆడపడుచు సామాను నడింట్లో ఆరబోసినట్టు పడుంటే ఆమెకి మనసులో ఎక్కడో కాస్త చల్లగా ఉంది. ఆ చల్లదనానికి ఆమెకే సిగ్గేసింది. ఏడాదికి రెండుసార్లు నెలేసి రోజులు చిట్టి దేశాలు పట్టి తిరుగుతుంది. తిరిగొచ్చినప్పుడల్లా బొమ్మల పుస్తకం నిండుగా ఉంటుంది. ఫ్యాక్టరీ ఆ పుస్తకం మీదే నడుస్తోంది. వదినమ్మ మాత్రం ఈ ఇంటికీ, టైల్సుకి రంగులు పూసే పూతగదికీ మధ్యనున్న నలభై అడుగులు తప్ప ఏమీ తిరగలేదు. పనివాళ్ళు చాటున చిట్టిని టూరమ్మగారు అంటారు. ఆ పేరు పెట్టిందెవరో అడిగితే వదినమ్మ మాట మార్చేస్తుంది.

"ఇది చూడు," అంటూ ఆయన టైలు బల్ల మీద పెట్టాడు. "నిన్న సాయంత్రం అవతలి ఫ్యాక్టరీ వాళ్ళ కొట్టు అద్దంలో ఉంది."

చిట్టి దాన్ని తీసుకుని మొహం దగ్గరగా పెట్టుకుంది. ఆరు మూలల అల్లిక. ఒక గీత కిందనుంచి దూరితే ఇంకోటి పైనుంచి వచ్చి, మధ్యలో చిన్న నక్షత్రం మిగులుతుంది. ఆర్నెల్ల కిందటి ప్రయాణంలో చిట్టి గీసిన డిజైను. సముద్రాలవతల ఒక కొండ మీద పాత మఠం ఉందనీ, దాని కిటికీ చూసి గీశాననీ ఆమే చెప్పింది. తమ బట్టీలోంచి దాని మొదటి వాయి ఇంకా బయటికి రానేలేదు.

"నువ్వు తప్ప ఈ దేశంలో ఎవరూ చూడని కిటికీ," అన్నాడు అన్నయ్య. "వాళ్ళకెలా దొరికింది?"

"ఏమో అన్నయ్యా."

"నువ్వు కాక ఆ బొమ్మని మన ఇంట్లో నాలుగు చేతులే పట్టుకున్నాయి. నావి రెండు పోగా..." అని ఆయన ఆగాడు. ఆగి, భార్య వైపు చూశాడు.

వదినమ్మకి ఆ చూపు అర్థమైంది. బొమ్మ నెలలపాటు వేలాడింది పూతగది గోడకి. గది తాళంచెవి ఆమె నడుముకే ఉంటుంది. పైగా ఆమె తమ్ముడు అవతలి ఫ్యాక్టరీలో వ్యాను నడుపుతాడు.

"నన్నంటున్నారా?" అంది.

"నిన్నెవరన్నారు?"

"అనలేదు కాబట్టే అడుగుతున్నా. అంటే సరిపోయేది."

"నీ తమ్ముడికి పొద్దున ఫోను చేశాను," అన్నాడాయన, ఆమె ప్రశ్నని పక్కకి తోసేసి. "ఏమన్నాడో తెలుసా? వాళ్ళ డిజైనరు రైల్వే స్టేషను వంతెన ఫొటో తీసుకొచ్చి దాన్ని చూసి వేశాడట. ఎక్కడి కొండ మీది మఠం, ఎక్కడి మన స్టేషను వంతెన. నేను చెవిలో పువ్వు పెట్టుకుని కనిపిస్తున్నానేమో వాడికి."

స్టేషను వంతెన అన్న మాట దగ్గర, తువ్వాలు సర్దుకుంటున్న చిట్టి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత మళ్ళీ సర్దుకుంది. ఆయన చూడలేదు. వదినమ్మ చూసింది.

"రేపు నాలుగింటికి హోటలావిడ వస్తోంది," అన్నాడాయన. "వంద గదుల హోటలు. ప్రతి గదిలో మన టైలు, పక్కన అది ఏ దేశం నుంచి వచ్చిందో రాసిన చీటీ. ఈ పని దొరికితే రెండో బట్టీ వెలిగిస్తాం. పోతే ఉన్నది కూడా ఆరిపోతుంది. దొంగెవరో ఆలోగా తేలాలి."

ఆయన ఫ్యాక్టరీలోకి వెళ్ళిపోయాడు.

"నేను సర్దుతాలే," అంది వదినమ్మ, సోఫా దగ్గరికి వచ్చి.

"వద్దు వదినా, నేను సర్దుకుంటాను."

"నీళ్ళు కారుతున్నాయి, ముందు జుట్టు ఆరబెట్టుకో."

చిట్టి గదిలోకి వెళ్ళింది.

వదినమ్మ బట్టలు ఒక్కొక్కటే తీసి మడతపెట్టబోయి ఆగిపోయింది. మడతపెట్టడానికేం లేదు. నెల కిందట ఈ బట్టలు ఇస్త్రీ చేసి పెట్టెలో సర్దింది తనే. చేతులు లోపలికి మడిచి, మెడ కింద ఒక మడత ఎక్కువ వెయ్యడం తన పుట్టింటి పద్ధతి, ఈ ఇంట్లో ఇంకెవరికీ రాదు. ఎనిమిది జతలు వెళ్ళాయి. ఆరు జతలు వేసిన మడత వేసినట్టే తిరిగొచ్చాయి.

నెల రోజులు పరాయి దేశంలో తిరిగిన మనిషి రెండు జతలతో గడిపిందా? లేకపోతే ఇంకెక్కడో ఇంకో బీరువా ఉందా?

అనుమానం అనేది వదినమ్మకి కొత్త చుట్టం కాదు. పాలు పొంగితే పక్కింటి పిల్లిని అనుమానిస్తుందని భర్త ఎగతాళి చేస్తాడు. పూతగది పని అలాంటిది మరి. పూసేటప్పుడు అన్ని పూతలూ బూడిదరంగు బురదలాగే ఉంటాయి. ఏది నీలమవుతుందో ఏది పచ్చనవుతుందో నిప్పులోంచి వచ్చేదాకా కంటితో చూసి నమ్మడానికి లేదు.

బొమ్మల పుస్తకం మందుల సంచీ కింద ఉంది. గదివైపు ఒకసారి చూసి, అట్ట తెరిచింది. మొదటి పేజీలోంచి చిన్న అట్టముక్క జారి కాళ్ళ దగ్గర పడింది.

సిటీ బస్సు నెల పాసు. చిట్టి ఫొటో. పన్నెండో నంబరు బస్సు. తారీఖులు మొన్న మొన్నటివి, చిట్టి విమానాల్లో తిరుగుతున్నానని చెప్పిన నెలవి.

పన్నెండో నంబరు బస్సు ఎటు వెళ్తుందో వదినమ్మకి బాగా తెలుసు. తమ్ముడు ఎన్నోసార్లు చెప్పాడు. అవతలి ఫ్యాక్టరీ గేటు ముందే దాని స్టాపు.

గదిలో చిట్టి దగ్గింది. వదినమ్మ పాసుని ఉన్నచోటే పెట్టి పుస్తకం మూసేసింది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ, వదిన పట్టగలదు.

మధ్యాహ్నం తమ్ముడు ఫోను చేశాడు.

"బావగారు నన్ను దొంగంటున్నారక్కా."

"ఆయన కోపం నీకు తెలుసుగా."

"మా డిజైనరు ఫొటో నాకు చూపించాడు. స్టేషను వంతెనే. నేనే వ్యానులో దింపాను అతన్ని అక్కడ. నువ్వయినా నమ్ముతావా?"

వదినమ్మ నమ్ముతాను అని చెప్పడానికి నోరు తెరిచింది. కానీ సముద్రాలవతలి కిటికీ, ఊళ్ళో వంతెనా ఒకటెలా అవుతాయి? చిట్టి బొమ్మని అవతలివాళ్ళకిచ్చి ఉంటే, వాళ్ళే వీడికి ఈ వంతెన కథ నేర్పి ఉండొచ్చు. వీడు అమాయకంగా చిలకలా పలుకుతున్నాడేమో.

"అక్కా, ఉన్నావా?"

"ఉన్నాను."

"సరేలే," అని వాడు ఫోను పెట్టేశాడు.

ఆ సరేలే ఆమె చెవిలో సాయంత్రం దాకా గుచ్చుకుంటూనే ఉంది.

మర్నాడు తొమ్మిదింటికి చిట్టి పెన్సిళ్ళు కొనాలని బయల్దేరింది. వదినమ్మ బట్టీ మేస్త్రికి పూతగది అప్పజెప్పి, తలమీదుగా శాలువా కప్పుకుని వెనకే వెళ్ళింది. పన్నెండో నంబరు బస్సుకి చిట్టి ముందు తలుపులోంచి ఎక్కింది. వదినమ్మ వెనక తలుపులోంచి ఎక్కింది.

నాలుగు సీట్లు వెనక్కి నడిచి చిట్టి తలెత్తింది. తిన్నగా వదినమ్మ మొహంలోకే చూసింది.

వదినమ్మ శాలువా మొహం మీదికి లాక్కుంది. ఏం చెప్పాలో వెతుక్కుంటుండగానే చిట్టి నెమ్మదిగా ముఖం తిప్పేసుకుని కిటికీ వైపు జరిగి కూర్చుంది. పలకరింపు లేదు, కంగారు లేదు. చూసి కూడా చూడనట్టు ఎంత నేర్పుగా నటిస్తోందో అనుకుంది వదినమ్మ. ఇరవై ఎనిమిదేళ్ళు కలిసున్నా ఈ విద్య ఉందని తెలీదు.

అవతలి ఫ్యాక్టరీ గేటు దగ్గర బస్సు ఆగింది. వదినమ్మ దిగడానికి సిద్ధంగా సీటు అంచుకి వచ్చింది. చిట్టి కదల్లేదు. బస్సు మళ్ళీ కదిలింది. మూడు స్టాపుల తర్వాత, కండక్టరు "స్టేషనమ్మా" అని చిట్టి భుజం దగ్గరగా వచ్చి చెబితే, అప్పుడు లేచింది.

రైల్వే స్టేషను ఎదురుగా మందుల షాపు పైన ఒక మేడగది. దాని కిటికీ తీగ మీద ఆరేసిన బట్టలు వదినమ్మ గుర్తుపట్టింది. మూడేళ్ళ కిందట పాతబడ్డాయని చిట్టి ఎవరికో ఇచ్చేశానన్న జతలు. ఇంకో బీరువా ఇక్కడుందన్నమాట. ఎవరిదీ గది? ఎవరున్నారు అందులో?

కానీ చిట్టి ఆ మేడ మెట్లెక్కలేదు. స్టేషను వంతెన వైపు నడిచింది. కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ కాలి బొటనవేలితో తడిమి చూసుకుంటూ ఎక్కి, మధ్యలో మలుపు దగ్గర గోడకి ఆనుకుని కూర్చుంది. పుస్తకం తీసింది. దాన్ని ముక్కుకి జానెడు దూరంలో పెట్టుకుని గీయడం మొదలుపెట్టింది. పెట్టెలు మోసేవాళ్ళు, స్కూలు పిల్లలు, ఆఫీసులకి పరిగెత్తేవాళ్ళు ఆమెని దాటుకుని పోతున్నారు. అక్కడ ఆమె కొత్త మనిషి కాదని వాళ్ళు తప్పుకునే తీరులోనే తెలుస్తోంది.

వదినమ్మ కొన్ని మెట్లెక్కి ఆగింది. పది కావస్తోంది. వంతెన పైకప్పు ఇనప చట్రం నీడా, పక్క కమ్మీల నీడా ఒకదాని మీద ఒకటి పడి మెట్లనిండా పరుచుకున్నాయి. ఒక గీత కిందనుంచి దూరుతోంది. ఇంకోటి పైనుంచి వస్తోంది. మధ్యలో చిన్న నక్షత్రం.

తమ్ముడు అన్న సరేలే గుర్తొచ్చి ఆమె కమ్మీ గట్టిగా పట్టుకుంది.

"కొండ మీది మఠం బాగుంది," అంది.

పెన్సిలు ఆగింది. చిట్టి తలెత్తి, వదినమ్మ పక్కనున్న స్తంభాన్ని చూసింది.

"వదినా?"

"బస్సులో నా మొహం చూసి తిప్పుకున్నావు. ఇప్పుడు స్తంభంతో మాట్లాడుతున్నావు. ఏమిటీ నాటకం?"

"నాటకం కాదు. కాస్త దగ్గరికి రా. ఇంకొంచెం. ఆ, ఇప్పుడు నువ్వే."

వదినమ్మ కూర్చోలేదు. "ఎవరికిచ్చావు బొమ్మ?"

"ఎవరికీ ఇవ్వలేదు. ఈ మెట్లు నా సొంతమా? ఎవరైనా చూడొచ్చు. ఆ డిజైనరు కుర్రాడు కూడా చూశాడు. నా పక్కనే కూర్చుని ఫొటోలు తీశాడు. వాడెవరో అప్పుడు నాకు తెలీదు, నేనెవరో వాడికీ తెలీదు."

"మరి విమానాలు? దేశాలు?"

"వెళ్ళి మూడేళ్ళయింది."

కింద ప్లాట్‌ఫారం మీదికి రైలొచ్చింది. వంతెనంతా అదిరింది. అది ఆగాక చిట్టి మళ్ళీ మొదలుపెట్టింది.

"దూరం మసకైపోయింది వదినా. చేతికందేంత దూరమే కనిపిస్తుంది. అద్దాలకి లొంగేది కాదన్నారు. ఆఖరిసారి వెళ్ళినప్పుడు విమానాశ్రయంలో నంబర్లు కనపడక ఒక పగలంతా వేరే గేటు ముందు కూర్చుండిపోయాను. అడగడానికి సిగ్గేసి. ఆ తర్వాత వెళ్ళలేకపోయాను. ఈ ఎదురుగది అద్దెకి తీసుకున్నాను. కింద మందుల షాపు వాళ్ళావిడే చూసిపెట్టింది."

వదినమ్మ నమ్మలేదు. పుస్తకం చేతిలోంచి లాక్కుని, నాలుగు మెట్లు దిగి, ఒక పేజీ తెరిచి పైకెత్తింది. "ఇదేం బొమ్మ?"

"తెలీదు."

"ఊహించు."

"కనపడంది ఎలా ఊహిస్తాను? నువ్వు పుస్తకం ఎత్తావో, చెయ్యే ఎత్తావో కూడా తెలీడంలేదు."

అబద్ధమాడేవాళ్ళు ఇంత తేలిగ్గా ఓడిపోరని వదినమ్మకి తెలుసు. నెమ్మదిగా ఎక్కి వచ్చి, ఈసారి పక్కన కూర్చుంది. చేతిలో తెరిచి ఉన్న పేజీని అప్పుడు చూసింది. సగం చంద్రుళ్ళ లాంటి గీతలు, ఒకదాని మీదికి ఒకటి ఒరుగుతూ. కింద చిట్టి రాత: వంటగది, వదిన తడిగుడ్డ, ఆరకముందు.

ఆ బొమ్మని చూడగానే పోల్చుకుంది. ఫ్యాక్టరీలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడుపోయే టైలు అదే. ద్వీపం అలలు.

"ఇది..." అంది. "ఇది నువ్వు పడవలో పోతూ చూసిన అలలు."

"అన్నయ్య అలా రాయించాడు. నేనూ ఊరుకున్నాను."

"ఆ పేరున్న కాగితాలు టైల్సు పెట్టెలకి అంటించింది నేను. మూడేళ్ళుగా. నా ఈ చేతులతో."

"అలలు కూడా ఆ చేతులవే వదినా."

వదినమ్మకి ఒక్కసారిగా నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండిపోయింది. ఏ ద్వీపమో, ఎలాంటి నీళ్ళో అని అసూయపడుతూ, ఆ కాగితాలు అంటిస్తూ ఎన్ని మధ్యాహ్నాలు గడిపిందో. ఆ ద్వీపాన్ని రోజూ వంగుని తుడుస్తున్నది తనే.

గబగబా పేజీలు తిప్పింది. మేస్త్రి చొక్కా వీపు మీద చెమట మరక. గుడ్ల అట్ట మీద పడ్డ కిటికీ వెలుతురు. చెప్పులు కుట్టేవాడి పాత చాప అతుకులు. తిప్పుతున్నకొద్దీ కొండలు, మఠాలు, సంతలు అని తాము ఊరంతా అమ్మిన టైల్సన్నీ వరసగా కనిపించాయి. ఫ్యాక్టరీకి చిట్టి ఇచ్చేవి నకళ్ళే, ఈ పుస్తకంలో మాత్రం ప్రతి బొమ్మ కిందా నిజమైన చోటే రాసి ఉంది.

"తిరిగినన్నాళ్ళూ కొత్త ఊరు కదా అని ప్రతిదీ ఆగి చూసేదాన్ని," అంది చిట్టి. "ఇక్కడ అలా ఎప్పుడూ చూడలేదు. చూపు తగ్గాక, ఉన్న కాస్త చూపుతో ఇంట్లోవే చూడ్డం మొదలుపెట్టాను. నన్నడిగితే, దేశాలు తిరిగి గీసినవాటికంటే ఇవే బాగున్నాయి. కొనేవాళ్ళూ అదే అంటున్నారు. వాళ్ళకి తెలీదంతే."

"మాతో చెప్పడానికి ఏం రోగం?"

"చెబితే అన్నయ్య ఏమంటాడు? కళ్ళు కనపడని మనిషి గీసింది ఎవరు కొంటారంటాడు. నువ్వేమంటావు?"

"ఇంట్లో కూర్చోమంటాను."

"అదే."

నీడ మెల్లగా పక్కకి జరుగుతోంది. నక్షత్రాలు ఒక్కొక్కటే సాగిపోయి మామూలు గీతలైపోతున్నాయి.

"ఈ సాయంత్రం దాకా ఆగు వదినా. హోటలావిడ వచ్చి వెళ్ళేదాకా. ఆ తర్వాత నేనే చెబుతాను."

"నా తమ్ముడి సంగతి?"

"వాడికేం కాకుండా నేను చూసుకుంటాను."

"ఎలా?"

చిట్టి పుస్తకం మూసి సంచీలో పెట్టుకుంది. దిగేటప్పుడు వదినమ్మ చెయ్యందించింది. చిట్టి వద్దని తల ఊపి, కమ్మీ పట్టుకునే దిగింది.

నిజం తెలిసినా వదినమ్మకి అనుమానం తగ్గలేదు, ఇంకో వైపుకి తిరిగిందంతే. మూడేళ్ళు ఇంత నిబ్బరంగా దాచిన మనిషి ఈ సాయంత్రం నోరు విప్పుతుందా? ఎక్కడైనా దాచుకోగలిగితే దాచుకునే మనిషి కాదూ.

నాలుగింటికి హోటలావిడ వచ్చింది. అరవై దాటిన మనిషి, చేతిసంచీ తనే మోసుకుంటూ వచ్చింది. నమూనాల గదిలో పొడుగాటి బల్లకి ఒక చివర ఆవిడ, ఇంకో చివర చిట్టి కూర్చున్నారు. అన్నయ్య నిలబడి, గోడమీది టైల్సు చూపిస్తూ మఠం గురించి చెబుతున్నాడు. కొండెక్కడానికి ఎన్నాళ్ళు పట్టిందో, కిటికీలోంచి ఎలాంటి వెలుతురొచ్చేదో. అన్నీ చిట్టి ఎప్పుడో చెప్పినవే. చెప్పీ చెప్పీ ఆయనకి తను చూసినట్టే అయిపోయింది. వదినమ్మ తలుపు దగ్గరి స్టూలు మీద కూర్చుంది.

హోటలావిడ అంతా విని, సంచీలోంచి ఒక టైలు తీసి బల్ల మీద పెట్టింది. అవతలి ఫ్యాక్టరీది.

"నేను వచ్చేదారిలో వాళ్ళ కొట్టుకి కూడా వెళ్ళాను," అంది. "ఇదెలా వచ్చింది?"

అన్నయ్య తడుముకోలేదు. "దొంగతనమండి. దొంగ దొరికాడు కూడా. సిగ్గుపడాల్సిన విషయమే, మా ఆవిడ తమ్ముడే. వాళ్ళ దగ్గర వ్యాను నడుపుతాడు. మధ్యాహ్నం వాళ్ళ యజమానితో మాట్లాడాను. నాతో గొడవ ఎందుకని వాణ్ణి అప్పటికప్పుడే పనిలోంచి తీసేశాడు. రేపు పొద్దున్నే పోలీసులకి ఫిర్యాదిస్తున్నాను."

వదినమ్మకి ఆ మాటలు ఒక్కొక్కటే అందాయి. తీసేశాడు. అప్పటికప్పుడే. అంటే తను వంతెన దిగి వచ్చి, చిట్టి ఆగమంది కదా అని పూతగదిలో నోరు మూసుకుని పని చేసుకుంటున్నప్పుడే.

ఆమె చిట్టి వైపు చూసింది.

చిట్టి బల్ల మీద రెండు చేతులూ పెట్టుకుని, వాటినే చూసుకుంటోంది. పెదవులు కదిలినట్టే కదిలి ఆగిపోయాయి. వదినమ్మ కాసేపు ఎదురుచూసింది. హోటలావిడ కుర్చీ వెనక్కి జరుపుకునేదాకా ఎదురుచూసింది.

తర్వాత స్టూలు మీంచి లేచింది.

"అమ్మా, ఈ డిజైను పుట్టిన చోటు మీకు చూపించమంటారా?"

"ఏ చోటు?"

"బస్సులో అరగంట."

"నీకేమైనా మతిపోయిందా?" అన్నాడు భర్త. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "తమ్ముణ్ణి కాపాడుకోవడానికి ఏదో ఒకటి అల్లుతోందండి, పట్టించుకోకండి. కూర్చో నువ్వు."

వదినమ్మ కూర్చోలేదు.

హోటలావిడ ఒకసారి ఆయన్ని, ఒకసారి ఆమెని చూసి సంచీ భుజానికి తగిలించుకుంది. "అరగంటే కదా. పదండి, ఇప్పుడే వెళ్దాం."

"ఇప్పుడు కనపడదండి."

అన్నది చిట్టి. అందరూ అటు తిరిగారు.

"అది పొద్దున పదింటికే ఉంటుంది. కాసేపే."

"పొద్దున ఉండి సాయంత్రానికి పోయే మఠమా?" అన్నాడు అన్నయ్య. ఆయన చూపు చెల్లెలి మీంచి భార్య మీదికీ, భార్య మీంచి చెల్లెలి మీదికీ మారుతోంది. "ఏంటిది? ఇద్దరూ కలిసి ఏం చేస్తున్నారు నా వెనక?"

హోటలావిడ టైలు తీసి సంచీలో వేసుకుంది. "అయితే రేపు పదింటికి వస్తాను. అప్పటిదాకా నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టను. మీరు కూడా ఆ ఫిర్యాదు ఇవ్వకుండా ఆగితే మంచిది," అని, ఎవరి జవాబు కోసమూ ఆగకుండా బయటికి నడిచింది.

కారు వెళ్ళిపోయిన చప్పుడు విన్నాక చిట్టి లేచింది.

"రేపు ఆవిణ్ణి నేనే తీసుకెళ్తానన్నయ్యా. మెట్లున్నాయి అక్కడ. వదిన నా చెయ్యి పట్టుకుంటుంది."

"చెయ్యి పట్టుకోవడం దేనికి?" అన్నాడాయన.

చిట్టి బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయింది. వదినమ్మకి జవాబు తెలుసు. ఈసారి ఆమె తరఫున మాట్లాడలేదు.